ఎస్తేరమ్మకు పదడుగుల పెట్టె

“నువ్వట్ట నవ్వతా ఉంటే కలం యాడ కదలతాదే మనవరాలా? నవ్వేదానికి ఇంకా ఉంది. ముందు బయపడాల. రాసుకో: ఆ మధ్యాన్నం ఊళ్ళో ఎవురికీ నీడ లేదు.”

ఇది అరవై రెండో సంవత్సరం, ఈస్టరు వెళ్ళిన వారం మాట. విడవలూరుకు సముద్రం వైపున్న చిన్న ఊళ్ళో తిమోతి అనే అయ్యవారు అయిదో తరగతికి త్రైరాశికం చెబుతున్నాడు. మూడు తెలిస్తే నాలుగోది కట్టవచ్చునని ఆ లెక్క. నల్లబల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా పిల్లల తలకెక్కలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది.

“రేపు పొద్దున బస్సు హారను వినపడతానే, ఇంట్లో ఒకరి నీడ పురికొసతో కొలిచి, కొసకు పేరు కట్టి తీసుకురండి. అదే టయానికి నేను ఈడ మూరకర్ర పాతి దాని నీడ కొలుస్తా. కర్రకు నీడ ఎన్ని రెట్లో మనిషికీ అన్ని రెట్లే. మనిషిని ముట్టకుండా మనిషి పొడుగు చెప్పేయొచ్చు,” అన్నాడు.

అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

పొద్దున హారను మోగేసరికి ఎస్తేరమ్మ ముంగిట్లో ఉడకబెట్టిన వడ్లు ఆరబోస్తోంది. మొగుడు పోయినా ఊళ్ళో ఆమె మాటకు ఎదురులేదు. పురుడొచ్చినా, ప్రాణం పోయినా ముందు ఆమె గొంతే వినపడేది. ఆ రోజు వెనకాల ఏదో పాకుతున్నట్టనిపించి తిరిగి చూసింది. మనవరాలు జయశీల నేల మీద బోర్లా పడి పురికొస పరుస్తోంది.

“ఏం చేస్తుండావే?”

“కదలమాక అవ్వా. నిన్ను కొలస్తుండా.”

“నన్నా? ఎందుకు?”

“అయ్యవారు తెమ్మన్నాడు. ఇంటికి ఒకరంట. మనింట్లో నువ్వే అనుకున్నా.”

ఎస్తేరమ్మ చేతిలో గంప జారిపోయింది. ఆ ఊళ్ళో తాడుతో మనిషిని కొలవడం ఒక్కసారే జరుగుతుంది. సమాధుల తోటలో గుంట తవ్వే ముత్యాలయ్య వచ్చి తల నుంచి కాళ్ళ దాకా కొలుచుకుపోతాడు. కొలిపించుకున్నవాళ్ళు ఎవరూ లేచి ఎందుకని అడిగింది లేదు. ఎస్తేరమ్మ లోపలికి వెళ్ళి, తెల్లచీర కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఎండాకాలం కనక ఒంటిపూట బడి. మధ్యాహ్నం నల్లబల్ల కాలు బాగుచెయ్యడానికి వడ్రంగి గంగులయ్య వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. దూలానికి వరసగా పురికొసలు వేలాడుతున్నాయి. సముద్రపు గాలి లోపలికి వచ్చినప్పుడల్లా అన్నీ కలిసి అటు తిరుగుతున్నాయి, ఇటు తిరుగుతున్నాయి. ఒక్కోదాని కొసన ఒక్కో పేరు. ఊళ్ళో శవపెట్టెలు చేసేది కూడా గంగులయ్యే. తాడు మీద పేరుంటే అదేమిటో అతనికి ఎవరూ చెప్పక్కరలేదు.

“ఓరి దేముడా, ఇంతమందికి కట్టె యాడ తెచ్చేది!” అనుకుంటూ పేర్లు చదివాడు. మధ్యలో ఎస్తేరమ్మ పేరుంది. ఆమె మంచం పట్టిందని దారిలోనే విన్నాడు. చిట్టచివరి తాడును రెండుసార్లు చదివాడు. దాని మీద ఉన్న పేరు గంగులయ్య. తన కొడుకూ అయిదో తరగతే అన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు.

అలాంటివి ముందుగా అడిగితే అరిష్టం. అందుకని ఎవరినీ అడగలేదు. ముందు మంచం పట్టినామెది కానిద్దామని ఆమె తాడు తెంపుకుపోయాడు. ఇంటికి వెళ్ళి పరిచి చూస్తే పదడుగులు. మళ్ళీ పరిచాడు. పదడుగులే. ఆమె చూస్తే అయిదడుగుల మనిషి. కానీ తాడు అబద్ధమాడదు గదా అని పదడుగుల పెట్టే చేశాడు. కొట్టంలో పట్టక సగం వీధిలోకి పొడుచుకొచ్చింది.

అయ్యవారు విడవలూరు నుంచి సైకిలు మీద వచ్చిపోయే మనిషి. తాడొకటి తగ్గితే గాలికి పోయిందనుకున్నాడు.

మర్నాటి సాయంత్రం ముత్యాలయ్య పెట్టె దగ్గర ఆగాడు. “ఎవురికిరా ఇది?”

“ఎస్తేరమ్మకు.”

“ఆమెకు అయిదడుగులు చాలదా?”

“నన్నడగతావేందన్నా? అయ్యవారి తాడు అట్టుంది.”

ముత్యాలయ్య పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ కొసకూ ఈ కొసకూ చూశాడు. గొంతు తగ్గించాడు. “పదిలో అయిదు తీసేస్తే ఇంకా అయిదు మిగలతాది. ఆమె ఒక్కతే పోవడంలా. ఎవురినో తోడు తీసకపోతుండాది.”

ఆ తీసివేత పొద్దుగూకేలోగా ఊరంతా చేసింది. అయిదడుగుల వాళ్ళంతా ఇళ్ళలో దూరారు. బయటికి రాక తప్పనివాళ్ళు మునికాళ్ళ మీద నడిచారు. వీధిలో గాలీ ఇసకా తప్ప ఏమీ కదలడం లేదు. ఎస్తేరమ్మ తోడికోడలు మగ్దలీనమ్మ సరిగ్గా అయిదడుగులుంటుంది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఆమె గుమ్మం అవతలే నిలబడి, “అక్కా, మనిద్దరికీ మొదట్నించీ పొసగదు గదా, ఆ మాట మరిచిపోమాక!” అని ఏడ్చి వెళ్ళిపోయింది.

ఎస్తేరమ్మ ఆ మాట వింది. గంజి కూడా మానేసింది. తెల్లారేసరికి చేతులు చల్లబడ్డాయి. జయశీల బడికి పరుగెత్తింది. “మా అవ్వ చచ్చిపోతుండాది. ఆ తాడు తిరిగిచ్చెయ్యండి అయ్యవారా!”

విషయం తిమోతికి అప్పుడు తెలిసింది. బడి వదిలేసి ఎస్తేరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పాడు. “అమ్మా, అది ఉత్త నీడ. కర్రకు రెండింతలు నీడ వచ్చింది. నీ నీడ పదడుగులు. పదిని రెండుతో భాగిస్తే నువ్వు అయిదడుగులు. అంతే లెక్క.”

ఎస్తేరమ్మ మెల్లగా కళ్ళు తెరిచింది. “మిగతా అయిదూ ఏం చేసినావు నాయినా?”

గుమ్మంలో మగ్దలీనమ్మ కెవ్వుమంది.

లెక్కతో లాభం లేదని తిమోతి లేచాడు. “ఆమెను బయట నిలబెట్టండి. నీడ ఆమె దగ్గరే భద్రంగా ఉంది, చూపిస్తా!”

అప్పటికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో ఆగి తన కాళ్ళ కింద చూసుకున్నవాడు ఆ ఊళ్ళో అంతవరకూ లేడు. ఇద్దరు పట్టుకుని ఎస్తేరమ్మను ముంగిట్లో నిలబెట్టారు. అందరూ నేల చూశారు. తెల్లటి ఇసక. ఎస్తేరమ్మకు నీడ లేదు.

ముందు ముత్యాలయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత గంగులయ్య. తర్వాత అందరూ. ఎవరికీ లేదు.

“అందరివీ కొలిపించుకున్నాడు! బడిలో కట్టేసుకున్నాడు!”

తిమోతి పరుగెత్తి బడిలో దూరి గడియ పెట్టుకున్నాడు. లోపల ఆ పురికొసల మధ్య నిలబడి కిటికీలోంచి అరిచాడు. “సాయంత్రం దాకా ఆగండయ్యా! అయ్యే వస్తాయి!”

“ఎవురు తెచ్చిస్తారు?”

“సూర్యుడు!”

“ఆయన్ని కూడా కొలిచినావా?” అన్నాడు ముత్యాలయ్య.

ఆ ఎండ తగ్గకముందే గంగులయ్య నలుగురిచేత పెట్టె మోయించుకొచ్చి బడి ముందు దించాడు. మిగతా అయిదడుగులకు మనిషి దొరికాడని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. అయ్యవారు కాస్త పొడుగే గానీ మోకాళ్ళు మడిస్తే పడతాడని మగ్దలీనమ్మ ధైర్యం చెప్పింది. ఎస్తేరమ్మను మంచంతోనే తెచ్చి పెట్టె పక్కన దించారు.

పొద్దు కాస్త వాలింది. ముందు మంచంకోళ్ళ కింద నల్లగా ఏదో కదిలింది. తర్వాత జనం కాళ్ళ కింది నుంచి ఒక్కొక్కటీ చప్పుడు లేకుండా బయటికి వచ్చాయి. ఎవరూ అడుగు తియ్యలేదు, తొక్కుతామని భయం. తనదీ వచ్చిందేమోనని ఎస్తేరమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. వచ్చింది. ఇసక మీద సాగి, పెట్టె ఎక్కి, లోపలికి దిగింది. కొలిచి చేయించినట్టు అందులో సరిగ్గా పడుకుంది. జయశీల అవ్వ కొంగు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

కానీ నీడ అక్కడ ఆగలేదు. పొద్దు కుంగేకొద్దీ ఇంకా సాగింది. తల పెట్టె అవతలి కొస ఎక్కి, దాటి, ఇసకలోకి పోయింది.

ఎస్తేరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఊరికి పాత గొంతు వినపడింది.

“గంగులూ! నా నీడకే చాలలా, ఇది నాకు పెట్టేందిరా? కొలత తెలియని నీకు ఉలి ఎవురిచ్చినారు? జయా, గంజి తీసకరా! ఉప్పెయ్యి!”

తిమోతి గడియ తీశాడు. పెట్టె ఎస్తేరమ్మ ఇంటికే పోయింది. పదడుగులు గదా, పంట వడ్లన్నీ అందులోనే పోసుకుంది. మగ్దలీనమ్మతో మాత్రం మాటలు కలిశాయి. తిట్టుకోవడానికి. ఆ తర్వాత ఎస్తేరమ్మ చాలాకాలం బతికింది. ముత్యాలయ్య ఎదురుపడ్డప్పుడల్లా ఒకటే చెప్పేది: “నన్ను మాత్రం మిట్టమధ్యాన్నం కొలువు నాయినా. కట్టె కలిసొస్తాది.”

“అయిపోయిందే మనవరాలా. ఇది బిట్రగుంటలో ఉండే మీ జయశీలత్తకు చదివి వినిపించు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, తప్పులుంటే దిద్దుతాది. పెందలాడే చదివెయ్యి. సాయంత్రమైతే ఇదీ పొడుగవతాది.”