వెనక సీటు లేని కారు

ఆ రోజు పొద్దున ఆనందకుమార్ పెట్టుకున్న పని ఒక్కటే. అయ్యగారబ్బాయి విహారి బాబుని కాలేజీలో దింపేలోపు, పాత వీడియో గేమ్ మిషను సంగతి కదిలించాలి. జూబ్లీ హిల్స్‌లో నిర్మాత రఘునందన్ గారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త వస్తువు గడప దాటి లోపలికొస్తే, పాతది పనివాళ్లలో వంతు వచ్చినవాళ్లకి పోతుంది. ఫ్రిజ్ వంటామె శకుంతలమ్మకి పోయింది. టీవీ వాచ్‌మన్‌కి పోయింది. ఇప్పుడు డ్రైవర్ ఆనందకుమార్ వంతు.

పోయినేడు ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, స్నేహితుడు రాలేదని విహారి అతన్ని లోపలికి పిలిచి రెండో రిమోటు చేతిలో పెట్టాడు. తెర మీద ఎర్ర కారు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో రోడ్డు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కారుకి వెనక సీటు లేదు. లెఫ్ట్ కొట్టమనేవాడు లేడు, ఏసీ తగ్గించమనేవాడు లేడు, ఫోన్లో హీరోని పొగిడి, పెట్టేశాక తిట్టేవాడు లేడు. చదువు మానేసిన నాటి నుంచీ స్టీరింగు పట్టుకున్న మనిషి, మొదటిసారి తనకి నచ్చిన వైపు తిప్పాడు.

తర్వాత స్నేహితులు వస్తూనే ఉన్నారు. మళ్లీ ఎవరూ అతన్ని పిలవలేదు. ఫిల్మ్ నగర్ ఆఫీసు ముందు చెట్టు నీడన బండి పెట్టుకుని, ఆపేసిన ఇంజను ముందు కూర్చుని, ఆ రోడ్డు మలుపులన్నీ ఒక్కొక్కటే తలుచుకునేవాడు.

"బాబూ, కొత్త మిషన్లు వస్తున్నాయంటగా?"

"రెండు కంపెనీలవీ ఒకేసారి వస్తున్నయ్ అన్నా. మనది నల్లది కదా, అందులోనే కొత్తది కొంటే పాత డిస్కులన్నీ ఆడతాయి. తెల్లదాంట్లో బొమ్మ సూపరంటున్నారు. కానీ మన డిస్కు ఒక్కటీ పనిచేయదు. తేల్చుకోలేక చస్తున్నా."

"తెల్లది కొంటే మరి డిస్కులు?"

"మిషనుతో పాటు నీకే. నల్లది కొంటే మాత్రం మిషను నీకు, డిస్కులు నాకు."

డిస్కులు లేని మిషను ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకోవాలి? తెల్లది కొనాల్సిందే. ఆనందకుమార్ గట్టిగా నిశ్చయించుకున్నాడు.

కాలేజీ నుంచి వెనక్కొచ్చి రఘునందన్ గారిని ఎక్కించుకోగానే అవకాశం దానంతటదే వెతుక్కుంటూ వచ్చింది. శుక్రవారం శుక్రవారం ఎర్రగడ్డ దగ్గర హాల్లో మార్నింగ్ షో చూసి, జనం ఏమంటున్నారో ఫోన్లో చెప్పడం కూడా అతని డ్రైవరు ఉద్యోగంలో భాగమే. సినిమాలు తీసేవాళ్లకి తమ కళ్ల మీద కన్నా డ్రైవర్ల చెవుల మీద నమ్మకం ఎక్కువ.

"ఏం ఆనందూ, మావాడు ఈ మిషన్లంటూ ప్రాణం తీస్తున్నాడు. బయట టాక్ ఏంటి?"

"తెల్లదేనండీ. మా మోతీనగర్‌లో పిల్లలంతా తెల్లదే అంటున్నారండీ. నల్లదానికి అసలు టాకే లేదండీ."

మోతీనగర్‌లో అతను ఏ పిల్లాణ్నీ అడిగిన పాపాన పోలేదు.

రఘునందన్ గారు వెంటనే దర్శకుడు మౌళికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. "మౌళీ, మన హీరో గేమ్ ఆడే సీన్లో నల్ల మిషనన్నావుగా? తీసెయ్. పబ్లిక్‌లో నెగటివ్ టాక్ ఉంది."

"సార్, ఆ సీన్లో షర్టు కూడా నల్లదే సార్."

"అదీ మార్చు. రిస్కెందుకు?"

ఆనందకుమార్ అద్దంలోంచి చూపు తిప్పుకుని బండి పోనిచ్చాడు. మధ్యాహ్నానికి ఆఫీసు పక్క టీకొట్టు దగ్గర ఇంకో కారు డ్రైవరు అతన్నే పట్టుకుని, "అన్నా, నల్ల మిషను రాకముందే ఫ్లాపంట గద!" అన్నాడు. రెండో టీకి, తెల్లదాని నైజాం హక్కులు రఘునందన్ గారు కొనేశారని తేలింది. తను పుట్టించిన అబద్ధం తనకే కబురుగా తిరిగొస్తుంటే, నిజమేనేమో అని అతనికే అనుమానం వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర రెండు వ్యాన్లు. షూటింగుకి నల్ల మిషన్లు ఇస్తానన్న షాపాయన, పరువు పోతోందని లబోదిబోమంటూ, విడుదలకి ముందే షాపులో చూపించడానికి కంపెనీ పంపిన కొత్త నల్లదాన్ని ఎత్తుకొచ్చాడు. అది తెలిసి తెల్లదాని షాపాయన కూడా పరిగెత్తుకొచ్చాడు.

శకుంతలమ్మ గరిటెతో సహా ఎదురొచ్చింది. "ఏందన్నా గీ లొల్లి? ఒకడు నల్లది పట్కొచ్చిండు, ఒకడు తెల్లది పట్కొచ్చిండు. ఎంతమందికని చాయ్ పెట్టాలె? పొద్దుగాల సారుకు ఏం చెప్పినవ్?"

"నేనేం చెప్పానక్కా, టాక్ చెప్పా."

"నీ టాక్ మీద మన్నువడ!"

లోపల ఇంటి థియేటర్లో రెండూ పక్కపక్కన పెట్టారు. షాపువాళ్లిద్దరూ ఒకర్నొకరు చూసుకోకుండా నిలబడ్డారు. రఘునందన్ గారు సోఫాలో సర్దుకుని, "మనం చూస్తే ఏం లాభం? ఆనందూని పిలవండి. మన పబ్లిక్ వాడే" అన్నారు.

ముందు తెల్లది పెట్టారు. ఫుట్‌బాల్ ఆట. ఆటగాళ్ల మెడ మీద చెమట బొట్లు కూడా కనబడ్డాయి. "బాగుందండీ," అన్నాడు, పొద్దున చెప్పిన మాటకి కట్టుబడి. ఇంకో మాట అనకుండా బయటపడితే చాలు, డిస్కులు తనవే.

తర్వాత నల్లది పెట్టి, రిమోటు అతని చేతికిచ్చారు. తెర వెలిగింది. అదే ఎర్ర కారు. అదే రోడ్డు. కాకపోతే ఈసారి అలలు రోడ్డంచుకి కొట్టి వెనక్కి పోతున్నాయి, నీళ్ల మీద ఎండ వాలుతోంది. ఆనందకుమార్ ఒక మలుపు తిప్పాడు. రెండోది తిప్పాడు. షాపువాళ్లు, అయ్యగారు, అబద్ధం, అన్నీ కొండ వెనక్కి పోయాయి. ఎవరో భుజం తట్టేదాకా అతను ఆ గదిలో లేడు.

"ఎలా ఉంది?"

"నల్లదేనండీ," అన్నాడు. అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు.

రఘునందన్ గారు కనుబొమలు ముడిచారు. "పొద్దున తెల్లదన్నావు?"

"అది మార్నింగ్ షో టాకండీ. సాయంత్రానికి నల్లది పికప్ అయిందండీ."

రఘునందన్ గారు తలాడించారు. ఆయన సినిమాలకి ఎప్పుడూ జరగనిదే అయినా, పక్కవాళ్ల సినిమాలకి జరగడం ఆయన చూశారు. షర్టు సంగతి తేల్చుకోడానికొచ్చి మూలన నిలబడ్డ మౌళి నీరసంగా, "షర్టు మళ్లీ నల్లదేనా సార్?" అన్నాడు.

విడుదల కాగానే విహారి నల్లదే కొన్నాడు. డిస్కులు వాడి దగ్గరే ఉండిపోయాయి. పాత మిషను మాటప్రకారం మోతీనగర్ చేరింది. ఆనందకుమార్ భార్య తబిత దాని మీద అల్లిక గుడ్డ పరిచి, ప్లాస్టిక్ పూల కుండీ పెట్టింది.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం లోపలి నుంచి పిలుపొచ్చింది. విహారి ఇంట్లో లేడు. రఘునందన్ గారు థియేటర్ గదిలో ఉన్నారు.

"ఆనందూ, ఆరోజు భలే నడిపావు. ఆ సముద్రం రోడ్డు పెట్టు."

ఆనందకుమార్ గబగబా చేతులు కడుక్కొచ్చాడు. తెర ముందు కింద కూర్చున్నాడు. ఎర్ర కారు కదిలింది. సముద్రం కనబడింది. గుండె నిండింది. అతని వెనక సోఫాలో రఘునందన్ గారు కాళ్లు చాపుకున్నారు.

"ముందు లెఫ్ట్ తీసుకో. స్పీడొద్దు. ఆ లారీని పోనీ... ఆగాగు, ఫోనొస్తోంది, సైడుకి ఆపు."

ఆనందకుమార్ సముద్రం పక్కన బండి ఆపి, అయ్యగారి ఫోను అయ్యేదాకా ఎదురుచూశాడు.