తోడల్లుడి కన్నా ఒక్క మార్కు ఎక్కువ

ఆ రోజు పొద్దున శాతాలాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్ళి వార్షిక నివేదికలో ఆఖరి పేజీ పూర్తిచేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, కిర్రుమంటున్న పడగ్గది తలుపు బందులు బిగించాలి. అంతకు మించి జీవితం నుంచి ఆయన ఆ రోజుకి ఏమీ ఆశించలేదు. ఊళ్ళో ఉన్న రెండు ప్రభుత్వ యూనివర్సిటీల్లో పాతదానికి ఆయన ప్రణాళికా విభాగం అధిపతి. భార్య భోజనానికి పిలిచినా "తొంభై శాతం వచ్చేశా" అనే మనిషి కాబట్టి అటెండర్ల దగ్గర్నుంచి అత్తగారి దాకా అందరికీ ఆయన శాతాలాయనే.

గడ్డం సగం గీసుకున్నాడో లేదో, భార్య తల దువ్వుకుంటూ వచ్చి అద్దం పక్కన నిలబడింది.

"ఏమండీ, చెల్లి వాళ్ళాయన ఆఫీసు గదికి రెండో కిటికీ పెట్టించారట."

శాతాలాయన చేతిలో రేజరు ఆగిపోయింది. చెల్లి వాళ్ళాయనంటే తోడల్లుడు. రోడ్డుకి అవతల ఉన్న కొత్త యూనివర్సిటీలో సరిగ్గా ఇదే ఉద్యోగం. వయసులో చిన్న, సర్వీసులో చిన్న, జుట్టులో మాత్రం పెద్ద.

"పెడితే ఏమైంది? ఎండ కొడుతుంది."

"గాలి కూడా వస్తోందట. అమ్మ వెళ్ళి చూసొచ్చింది."

"మీ అమ్మ నా గదికి ఎప్పుడైనా వచ్చిందా?"

"వచ్చి ఏం చూస్తుందండీ? ఉన్న ఒక్క కిటికీకి బీరువా అడ్డం పెట్టారు."

ఆ మాటతో చెంప తెగింది. చెంప మీద కాగితం ముక్క అతికించుకుని ఆఫీసుకి వెళ్ళిన శాతాలాయన్ని వైస్ ఛాన్సలర్ వెంటనే పిలిపించాడు.

సంగతేమిటంటే, ప్రభుత్వం రెండు యూనివర్సిటీలకీ కలిపి ఒకే నిధి ఇస్తుంది. దాన్ని పనితీరు చూసి పంచుతుంది. ఎంతమంది పిల్లలు టైముకి చదువు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, అధ్యాపకులు ఎన్ని పరిశోధనలు అచ్చు వేశారు, లైబ్రరీని ఎంతమంది వాడారు, ఇలా ఒక్కోదానికీ మార్కులు. ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ళకి పెద్ద వాటా, రెండో వాళ్ళకి మిగిలింది. ఇదంతా పాత సంగతే. కొత్త సంగతి చెప్పే ముందు వైస్ ఛాన్సలర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ ఏడాది నుంచి రెండు ప్రణాళికా విభాగాల్నీ కలిపేస్తున్నారండీ. ఎవరి యూనివర్సిటీకి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళ అధిపతే రెండింటికీ అధిపతి. రెండో ఆయన కింద డిప్యూటీగా ఉంటారు. అయినా మీకేం, మీరిద్దరూ తోడల్లుళ్ళేగా. ఎవరొచ్చినా ఇంట్లోవాళ్ళే."

ఇంట్లోవాళ్ళు కాబట్టే శాతాలాయన కాళ్ళ కింద నేల కదిలింది. ఒక్క క్షణంలో భవిష్యత్తంతా కనిపించేసింది. తోడల్లుడి ముందు నిలబడి సెలవు అడుగుతున్నాడు. తోడల్లుడు కిటికీలోంచి బయటకి చూస్తూ, రెండు కిటికీలున్నాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూడాలో తీరిగ్గా ఆలోచించుకుంటూ, సరే అంటున్నాడు. అత్తగారు ఈ విషయం చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతోంది.

పరుగున గదికి వెళ్ళి లెక్క వేశాడు. చదువులు, ఉద్యోగాలు, పరిశోధనల్లో రెండు యూనివర్సిటీలూ ఇంచుమించు సమానం. పైగా అవి ఇప్పుడు మారేవి కావు. నిరుడు తప్పిన పిల్లాణ్ణి ఈ నెలలో పాస్ చేయించలేం కదా. మిగిలింది లైబ్రరీ ఒక్కటే. దాని లెక్క నెలాఖరుదాకా సాగుతుంది. అంతే, చెంప మీద కాగితం ముక్కతోనే లైబ్రరీకి పరిగెత్తాడు.

లైబ్రరీ గుమ్మంలో గేటుంది. కార్డు గీస్తే తెరుచుకుంటుంది, పైనున్న తెర మీద అంకె ఒకటి పెరుగుతుంది. లోపల లైబ్రేరియన్ పుస్తకాల దుమ్ము దులుపుతోంది. మూలన ఒక రిటైరైన ప్రొఫెసరు నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"ఈ రోజు ఎంతమంది వచ్చారమ్మా?"

"ఆయన."

"నిన్న?"

"నిన్నటి నుంచీ ఉన్నట్టున్నారు సార్. నేను లేపలేదు."

ఆ మధ్యాహ్నమే వైస్ ఛాన్సలర్ మీటింగు హాల్లో ఉన్న పెద్ద ఏసీ లైబ్రరీకి తరలిపోయింది. నిధులొస్తాయంటే తన కుర్చీ కూడా పట్టుకుపొమ్మన్నాడు పాపం ఆయన. మర్నాడు సోఫాలొచ్చాయి. ఆ మర్నాడు ఫోన్లు ఛార్జింగు పెట్టుకోవడానికి బల్లబల్లకీ ప్లగ్గులొచ్చాయి. పిల్లలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. తెర మీద అంకె కదిలినప్పుడల్లా శాతాలాయన గుండె కదిలేది. కానీ సాయంత్రం ఇంటికెళితే భార్య చల్లగా చెప్పేది, చెల్లి వాళ్ళాయన లైబ్రరీకి కూడా జనం బాగానే వస్తున్నారట అని. రాత్రి తిన్నది లోపలే తిరిగేది.

దాంతో క్యాంటీన్ ఓనర్ని పిలిచాడు. "లైబ్రరీలో వెనకవైపు కాస్త కాఫీ దొరికేట్టు చూడవయ్యా" అన్నాడు. క్యాంటీన్ పైకప్పు కారుతోందని ఏడాదిగా అర్జీలు పెట్టి అలిసిపోయిన మనిషతను. ఆ ముక్కని తన అర్జీకి జవాబనుకున్నాడు. తెల్లారేసరికి పొయ్యిలు, మూకుళ్ళు, గిన్నెలు, గల్లాపెట్టెతో సహా మొత్తం క్యాంటీన్ని తెచ్చి లైబ్రరీలో పెట్టేశాడు.

లైబ్రేరియన్ రొప్పుతూ వచ్చింది. "సార్, చరిత్ర విభాగంలో నూనె కాగుతోంది."

"కాగనివ్వమ్మా. చరిత్ర వైపు జనం రావడం ఇదే మొదటిసారి."

"పుస్తకాలకి నూనె వాసన పడుతోంది సార్."

"ఆ వాసనకైనా తెరుస్తారేమో చూద్దాం."

జనం పెరిగారు, పొయ్యిలు పెరిగాయి, ఏసీ ఆయాసపడి ఆయాసపడి ఒకరోజు గుర్రుమని ఆగిపోయింది. బాగుచేయడానికి కంపెనీ ఇద్దరు మెకానిక్కుల్ని పంపింది. ఆ కంపెనీ వాళ్ళు మెకానిక్కులకి కూడా తెల్లచొక్కా, టై కట్టించి పంపుతారు. ఇద్దరూ నల్లపెట్టెలతో వచ్చి మధ్య బల్ల దగ్గర కూర్చుని, ఏసీ ఎప్పుడు ఆగిందో కనుక్కుందామని పక్కనున్న కుర్రాణ్ణి, "బాబూ, ఇలా కూర్చో. నీ పేరేంటి? ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉన్నావు?" అని అడిగారు.

టై కట్టుకున్నవాళ్ళు పేరడిగితే చదువుకునే పిల్లలు ఏమనుకుంటారు? ఏదో కంపెనీ ఇంటర్వ్యూలు చేస్తోందన్న మాట గాలిలా పాకింది. గంటలో మధ్య బల్ల దగ్గర్నుంచి గేటు దాకా ఫైళ్ళు పట్టుకుని, తలలు తడిపి దువ్వుకుని, వరస కట్టారు.

పెద్ద మెకానిక్కు శాతాలాయన్ని పక్కకి లాగాడు. "సార్, బెల్టు తెగింది, ఇంకోటి తేవాలని చెబుతూనే ఉన్నాను. ఒక్కడూ వినట్లేదు. అందరూ వాళ్ళ బలహీనతలు చెబుతున్నారు."

"మరి మీరేమంటున్నారు?"

"ఏమంటాను? పర్లేదులే, కష్టపడితే పోతాయి అంటున్నా. మావాడైతే ముగ్గుర్ని సెలక్ట్ కూడా చేసేశాడు. బాగా మాట్లాడారట."

ఇంకొకరైతే అక్కడే ఆ పుకారుని ఆపేసేవారు. శాతాలాయన తెర వైపు చూశాడు. అంకె పరిగెడుతోంది.

"బెల్టుకి తొందరేం లేదు, నెమ్మదిగా తెప్పించండి. రోజూ వచ్చి కాసేపు కూర్చోండి, కాఫీ నాది" అన్నాడు.

పుకారు మర్నాటికి రోడ్డు దాటింది. అవతలి యూనివర్సిటీ పిల్లలు తండోపతండాలుగా దిగారు. రెండు యూనివర్సిటీలకీ ప్రభుత్వం ఇచ్చేది ఒకే రకం కార్డు కాబట్టి గేటు ఎవరికైనా తెరుచుకుంటుంది. సోఫాల మీద, కిటికీల్లో, మెట్ల మీద, నిద్రపోతున్న ప్రొఫెసరుకి ఇటూ అటూ, ఎక్కడ చూసినా వాళ్ళే. శాతాలాయన గేటు పక్కనే కుర్చీ వేసుకుని, తోడల్లుడి మనుషులు తన గుమ్మంలో తోసుకుంటూ ఉంటే, ఏ సినిమాలోనూ దొరకని ఆనందంతో చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో లైబ్రేరియన్ వచ్చి ఏదో చెప్పబోయింది.

"సార్, మన పిల్లలకి కుర్చీలు దొరకట్లేదు. తిరిగి వెళ్ళిపోతున్నారు."

"నిలబడి చదవమనమ్మా. అడ్డు జరుగు, అంకె కనిపించట్లేదు."

నెలాఖరులో ఒకరోజు తోడల్లుడే స్వయంగా వచ్చాడు. చుట్టూ చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఏం మాయ చేశారు అన్నయ్యా? మా దగ్గర క్లాసులన్నీ ఖాళీ. నిన్న ఒక లెక్చరరు మా అటెండర్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. లైబ్రరీలో అయితే లైట్లు కూడా తీసేశాం."

"అయ్యయ్యో" అన్నాడు శాతాలాయన, వీలైనంత దిగులుగా.

"పోన్లెండి. మీరే గెలుస్తారు. మీ కింద పనిచేయడం నాకూ సంతోషమే. నేర్చుకుంటాను."

ఆ మాటలో ఎక్కడైనా కుళ్ళు ఉందేమోనని శాతాలాయన ఎంతో ఆశగా వెతికాడు. లేదు. మనిషి నిజంగానే అంటున్నాడు. ఓడిపోతూ కూడా ఇంత బాగా ఎలా ఉంటాడు వీడు? ఆ రాత్రి తోడల్లుడి మంచితనం మీద కూడా అసూయపడి, నిద్రపట్టక, మంచం మీద అటూ ఇటూ దొర్లాడు.

నెల ముగిసింది. ఉన్నత విద్యాశాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. వైస్ ఛాన్సలర్ మీటింగు హాల్లో, ఏసీ లేక అందరూ ఫైళ్ళతో విసురుకుంటూ ఉంటే, ఆవిడ చల్లగా చెప్పింది.

"మిగతా అన్నింట్లోనూ ఇద్దరూ సమానమే. లైబ్రరీ వాడకంలో మాత్రం కొత్త యూనివర్సిటీ ఎవరూ ఊహించనంత ముందుకెళ్ళింది. పెద్ద వాటా వాళ్ళకే. విభాగం కూడా వాళ్ళ ఆయనకే."

శాతాలాయన నవ్వాడు. "మేడం, పేర్లు తారుమారైనట్టున్నాయి. వాళ్ళ లైబ్రరీలో లైట్లు కూడా వెయ్యలేదు."

"వెయ్యకపోతే ఏమండీ? మేం లెక్కపెట్టేది చదివే పిల్లల్ని, గోడల్ని కాదు. కార్డు ఏ యూనివర్సిటీదైతే మార్కు దానికే పడుతుంది. వాళ్ళ పిల్లలు ఎక్కడ కూర్చుని చదివినా వాళ్ళవే."

"మరి... మా పిల్లలు?"

"మీవాళ్ళు బాగా తగ్గారు. కుర్చీల్లేక ఇళ్ళకి పోయారని మీ లైబ్రేరియనే చెప్పింది. ఈ రూలు నిరుటి మీటింగులో గంటసేపు వివరించాం కదండీ. మీరిద్దరూ ఉన్నారు."

నిజమే, ఉన్నాడు. ఆ గంటసేపూ తోడల్లుడు వేసుకొచ్చిన కొత్త బూట్లనే చూస్తూ కూర్చున్నాడు.

"నేనూ వినలేదు అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు చెవిలో. "ఆ రోజు బూట్లు కరిచి చంపేశాయి."

వైస్ ఛాన్సలర్ ఎవరితోనో చెబుతున్నట్టు గోడకేసి చూస్తూ అన్నాడు. "మన ఏసీ. మన కాఫీ. మన కరెంటు."

శాతాలాయన ఆ సాయంత్రం ఇంటికి ఎలా వెళ్ళాడో ఆయనకే తెలీదు. వెళ్ళేసరికి ముందుగదిలో అత్తగారు కూర్చుని ఉంది. పారిపోదామని వెనక్కి తిరిగాడు గానీ ఆవిడ లేచి ఎదురొచ్చేసింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"చిన్నల్లుడు అంతా చెప్పాడు బాబూ. మీ లైబ్రరీ వాళ్ళ పిల్లలకి వదిలేసి, చల్లటి గాలి పెట్టించి, కాఫీలు పోయించి, మీ పిల్లల్ని నిలబెట్టారటగా. తమ్ముడిలాంటి వాడు పైకి రావాలని చేతికొచ్చిన కుర్చీ వదులుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?"

నిజం చెబుదామని శాతాలాయన నోరు తెరిచాడు. ఈలోగా భార్య ఆయన్ని ఒక చూపు చూసింది. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చూసినట్టు గుర్తులేదు. తెరిచిన నోరు మెల్లగా మూసి, "ఎంతైనా మనవాడే కదండీ" అన్నాడు.

మరుసటి వారం డిప్యూటీగా చేరడానికి రోడ్డు దాటి వెళ్ళాడు. "లోపలికి రావచ్చా సార్" అనే మాటని దారంతా ప్రాక్టీసు చేశాడు. కానీ అనాల్సిన పని లేకుండానే తోడల్లుడు తలుపు తీసి, లోపలికి లాగి, మళ్ళీ తలుపేశాడు. మొహం వాడిపోయి ఉంది.

"అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. గెలిచింది నేనే కదా?"

"అవును సార్."

"మరి అత్తయ్యగారు నాకు కంగ్రాట్స్ కూడా చెప్పరేంటి? వారం నుంచీ ఎవరు ఫోన్ చేసినా మీ మనసు గురించే చెబుతున్నారు. మా ఆవిడైతే లేచిన దగ్గర్నుంచీ 'బావగారిని చూసి నేర్చుకోండి' అంటోంది. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఎవర్నీ చూసి ఇలా కాలేదన్నయ్యా. ఇక్కడేదో మండుతోంది." అని ఛాతీ మధ్య చెయ్యి పెట్టుకున్నాడు. "అసలు మీరేం చేశారని?"

"నేనేం చెయ్యలేదు" అన్నాడు శాతాలాయన. అంతకన్నా నిజం ఆయన జన్మలో చెప్పలేదు.

"అదిగో. ఆ మాట కూడా మీరంటే ఎంత బాగుంటుందో చూడండి. నాకు రాదు."

పాపం, ఆ మంట ఎలా ఉంటుందో శాతాలాయనకి బాగా తెలుసు. ఆప్యాయంగా బాస్ భుజం తట్టి, డిప్యూటీల గదికి వెళ్ళి, టిఫిను క్యారియరు విప్పాడు.

ఎన్నో ఏళ్ళ తరవాత, ఆ రోజు తిన్నది ఆయనకి ఒంటబట్టింది.