నక్షత్రం కట్టని ఇల్లు

జయరాజు తన వదిన చావుకు రాలేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్లు. బస్సులకు కరువు లేదు. అయినా రాలేదు. పదకొండేళ్లయింది. ఇందులో ఇంకో మాటకు చోటు లేదని నతానియేలు ఏనాడో తేల్చుకున్నాడు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడలేదు. తమ్ముడి ఫోన్ నంబరు కూడా ఉంచుకోలేదు.

నతానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భార్య ఆదెమ్మ పోయాక నంద్యాలలోనే కొడుకు ప్రేమ్ సాగర్, కోడలు అరుణకుమారి దగ్గర ఉంటున్నాడు. కొడుకుది డోన్ రైల్వే స్టేషన్‌లో ఉద్యోగం. వారానికి రెండు రోజులు ఇంట్లో కనిపిస్తాడు. కోడలు బడిలో సైన్సు చెబుతుంది. ఇంట్లోనూ అదే చెబుతుంది.

డిసెంబరు ఒకటో తేదీ పొద్దున ఆమె కాఫీ గ్లాసు మామ చేతికిచ్చి ఆ ఏటి క్రిస్మస్ ఎలా జరగాలో చెప్పింది. ఏడాదంతా ఇంటిల్లిపాదినీ ప్రాణాలతో కాపాడినందుకు ఇరవై నాలుగో తేదీ పొద్దున ఇంట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరు గారు వస్తారు, సంఘం వస్తుంది, వందమందికి భోజనం.

"ఈ తూరి ఇంట్లోకి ప్లాస్టిక్ రాకూడదు మామా. థర్మోకోల్ ప్లేట్లు వద్దు, అడ్డాకు విస్తర్లే. నీళ్లకు స్టీలు గ్లాసులు. ఫ్లెక్సీ ఊసే లేదు. కొత్తబట్టలు కూడా వద్దు, పోయినేటి తెల్లబట్టలే ఉతుక్కోని కట్టుకుందాం."

"మంచిదే," అన్నాడు నతానియేలు.

"అటక మీది ప్లాస్టిక్ నక్షత్రాన్ని పాతసామాన్లాయనకు ఇచ్చేసినా. అత్తమ్మ ఉన్నప్పుడు వెదురు నక్షత్రం కట్టేవాళ్లంట గదా. ఎవరు చేసేవాళ్లు?"

చేసేది జయరాజు. ఆళ్లగడ్డలో పెళ్లిపందిళ్లు వేయడం అతని పని. ఏటా డిసెంబరు వచ్చేసరికి వెదురు బద్దలు చీల్చి, నక్షత్రం కట్టి, రంగుకాగితం అంటించి, బస్సు టాపు మీద పెట్టుకుని వదినకు తెచ్చి ఇచ్చేవాడు. ఆ పేరు ఈ ఇంట్లో పలికేది లేదు.

"నేనే చేసేవాణ్ని," అన్నాడు నతానియేలు.

"అయితే ఇంగేం. మీరే చేయండి మామా."

ఆ అబద్ధం ఆయన్ని మూడు వారాలు నమిలింది. బస్సు గేరుబాక్సును కళ్లు మూసుకుని విప్పి బిగించినవాడికి పది వెదురు బద్దలు లొంగలేదు. స్నానాలగది వెనక, ఎవరూ చూడని చోట కూర్చుని కట్టాడు. మొదటిదానికి నాలుగే కొమ్ములొచ్చాయి. రెండోదానికి ఆరు. మూడోది అయిదు కొమ్ములతో నిలబడింది గానీ, చెయ్యి తీయగానే చతికిలబడింది. కోడలు రోజూ అడిగేది, ఆయన రోజూ రేపనేవాడు. వీధిలోవాళ్లు కూడా అడుగుతారని వసారాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మానేశాడు. వీధిలో అన్ని ఇళ్లకూ నక్షత్రాలు వెలిగాయి. వాళ్ల ఇంటి మేకు మాత్రం ఖాళీగా ఉంది.

చావు జరిగిన ఇంటికి ఆ ఏడు నక్షత్రం కట్టరు. పిండివంటలు చేయరు, ఇరుగుపొరుగులే తెచ్చిపెడతారు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అయినా ఆ వీధిలో తప్పినవాళ్లు లేరు.

అదే వీధిలో ఉండే సంఘపెద్ద సాల్మన్ రాజు నెలరోజులు గడివేములలో కూతురి దగ్గర ఉండి ఇరవై రెండో తేదీన తిరిగొచ్చాడు. మర్నాడు తెల్లారి పళ్లు తోముకుంటూ చూశాడు. నతానియేలు ఇంటికి నక్షత్రం లేదు. వసారాలో కుర్చీ లేదు. దండెం మీద అన్నీ తెల్లబట్టలు. వాకిట్లో ఆటో ఆగి, విస్తరాకుల కట్టలు, పెద్ద వంటగిన్నెలు దిగుతున్నాయి. సాల్మన్ రాజు నోరు కడుక్కోవడం మరిచిపోయాడు. చావు సంగతి ఇంటివాళ్లు చెప్పాలి గానీ మనం అడగరాదన్నది ఆయన పద్ధతి. అందుకని వాళ్లను అడగలేదు. ఆళ్లగడ్డకు ఫోన్ చేశాడు. భార్య కర్జికాయలు చేసేసరికి పదకొండయింది. అవి డబ్బాలో పోయించుకుని, ముఖం వేలాడేసుకుని ఆ ఇంటికి పోయాడు.

తలుపు తీసింది నతానియేలు.

సాల్మన్ రాజు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందది?" అన్నాడు నతానియేలు.

"కర్జికాయలు."

"ఎందుకు?"

"చావింట్లో పొయ్యి వెలిగించరు గదన్నా..."

"ఎవరు చచ్చినారు?"

సాల్మన్ రాజు డబ్బా వైపు చూశాడు. "నువ్వే అనుకుంటిని."

సాల్మన్ రాజు గొంతు తగ్గించాడు. "ఇంకో తప్పు చేసినా అన్నా. జయరాజుకు ఫోన్ చేసినా. మీ అన్న ఇంటికి నక్షత్రం కట్టల్యా, తెల్లబట్టలు ఆరేసినారు, నీకేమన్నా తెలుసా అంటి. ఆ పక్కన గొంతే ల్యా. ఫోన్ పెట్టేసినాడు."

జయరాజు గుండెకు పోయినేడు రెండు స్టెంట్లు వేశారు. నతానియేలు ఎవరినీ అడగలేదు గానీ ఆ సంగతి ఆయనకు తెలుసు. ఏ ఆసుపత్రో, ఎన్ని రోజులున్నాడో కూడా తెలుసు.

"మళ్లీ చెయ్యి."

సాల్మన్ రాజు చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మూడుసార్లు చేశాడు. నతానియేలు చెప్పులు తొడుక్కున్నాడు.

"యాడికన్నా?"

"ఆళ్లగడ్డకు. నువ్వూ రా. వాని నంబరు నీ దగ్గరే ఉండాది."

"నువ్వు వానితో మాట్లాడవు గదా?"

"మాట్లాడను. వాడు ఆ మాట విని పడిపోతే వాని చావుకు నేను పోవాల్సి వస్తాది. పోకుంటే వానికీ నాకూ తేడా ఏముంటాది? పోతే నా పంతం ఏమి గావాల? నడువు."

అరుణకుమారి పెరట్లో వంటవాళ్లతో మాట్లాడుతోంది. ఆమెకు చెప్పాలన్న ఆలోచన నతానియేలుకు రాలేదు. తన ఫోన్ చార్జింగులో ఉందన్న సంగతీ గుర్తు రాలేదు.

బస్సు నెమ్మదిగా పోయింది. ఇంజను చప్పుడు విని మూడో గేరులో తేడా ఉందని నతానియేలు గ్రహించాడు. ఆ గేరు మీదే జయరాజు ప్రాణం ఆధారపడ్డట్టు ముందుకు వంగి కూర్చున్నాడు. సాల్మన్ రాజు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కర్జికాయల డబ్బా ఆయన ఒళ్లోనే ఉంది.

"ఒకటి తినన్నా. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

"నా చావు కర్జికాయలు నేనే తినాల్నా?"

సాల్మన్ రాజు మూత పెట్టేశాడు.

శిరివెళ్ల దాటాక ఎదురుగా ఒక టెంపో వచ్చింది. వెనక ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుడ్డలు. వాటి మీద మనిషెత్తు పూల సిలువ, తెల్లచామంతులతో ఒత్తుగా కట్టింది. గాలికి రేకులు రాలిపోతున్నాయి.

"ఎవరో పోయినారు పాపం," అన్నాడు సాల్మన్ రాజు.

నతానియేలు తల తిప్పి చూశాడు. "కావాల్సినోళ్లు ఉన్నట్టుండారు. శానా పెద్ద సిలువ."

ఆళ్లగడ్డలో జయరాజు ఇంటికి తాళం వేసి ఉంది. లోపల ఫోన్ మోగుతోంది. సాల్మన్ రాజు తన ఫోన్ ఆపితే అదీ ఆగింది. మళ్లీ చేస్తే మళ్లీ మోగింది. నతానియేలు తలుపు దబదబా బాదాడు. పక్కింటి లింగమ్మ చీపురుతో బయటికొచ్చి, ఆయన్ని చూసి, చీపురు వదిలేసి కేక పెట్టింది.

"అరవద్దమ్మా. బతికే ఉండా. మావాడు యాడ? లోపల పడిపోయినాడా?"

"లోపల యాడుండాడు? పోయినాడు గదా!"

నతానియేలు గోడ పట్టుకున్నాడు.

"పోయినాడంటే?"

"నీ చావుకు పోయినాడప్పా!" అంది లింగమ్మ. "ఏడ్సుకుంటానే సిలువ కట్టినాడు. ఇంగొకర్ని చెయ్యి పెట్టనీలేదు. ఫోన్ గూడా ఈడనే పారేసి పోయినాడు. మీకు దావలో టెంపో అగపడల్యా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాల్మన్ రాజు మెల్లగా అన్నాడు. "శానా పెద్ద సిలువ అంటివి."

"గమ్మునుండు."

వెనక్కి పోయే బస్సులో నతానియేలు కూర్చోలేదు. నంద్యాల దాకా నిలబడే వచ్చాడు. జయరాజు తనను చూసి ఆనందంతో పోతాడా, దుఃఖంతో ఇప్పటికే పోయాడా అన్నది ఆయనకు తెగలేదు. రెండిట్లో ఏది జరిగినా దోషం ఒక నక్షత్రానిది. దాన్ని కట్టలేకపోయింది తన చెయ్యి.

వీధి మొదట్లోనే షామియానా కనిపించింది. కింద వంద ప్లాస్టిక్ కుర్చీలు. పక్కన థర్మోకోల్ ప్లేట్ల కట్టలు, ప్లాస్టిక్ గ్లాసుల సంచులు. ఇంటి గోడకు ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ. అశ్రునివాళి అని పెద్ద అక్షరాలు. కింద మీసం ఉన్న నతానియేలు. జయరాజు దగ్గర ఉన్నది ముప్పై ఏళ్ల నాటి జోడు ఫోటో ఒక్కటే. తనను కత్తిరించేసి అన్నను అచ్చు వేయించాడు. అన్న భుజం మీద ఎవరిదో చెయ్యి మాత్రం మిగిలిపోయింది.

అరుణకుమారి పరుగున ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"యాడికి పోయినారు మామా? బతికుండారని చెప్తే ఎవురూ నమ్మరు. యాడుండాడో చూపించమంటారు. చూపించనీకి మీరు లేరు, మీ ఫోన్ ఇంట్లో ఉంది. కడకు నాకే అనుమానమొచ్చింది!" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముందు ఆ థర్మోకోల్ ప్లేట్లు బయటికి పంపించండి."

జయరాజు పూల సిలువ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. తలెత్తి అన్నను చూశాడు. చొక్కా మీద, గుండె దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. నతానియేలు పదకొండేళ్ల పంతం మరిచి ఒక్క అంగలో పోయి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"మాత్ర యాడుంది రా? మాత్ర!"

"మాత్ర కాదు. బీడీలు తీసుకుంటాండా," అన్నాడు జయరాజు.

నతానియేలు చెయ్యి వదిలేశాడు.

"నీ వదిన చావుకు రాల్యా నువ్వు," అన్నాడు నతానియేలు.

"నువ్వు చెప్పల్యా."

"ఊరంతా చెప్పింది గదా."

"ఊరంతా చెప్పింది. నువ్వు చెప్పల్యా. అన్న కబురు పంపుతాడు, పోదామని చొక్కా తొడుక్కోని పొద్దుగూకేదాకా కూసున్యా. సొంత తమ్మునికి చెప్పనోని గడప ఎట్ల తొక్కేదనుకున్యా."

నతానియేలుకు ఆ రోజు గుర్తుంది. డిపోవాళ్లకు చెప్పాడు, పాస్టరుకు చెప్పాడు. జయరాజుకు చెప్పలేదు. తమ్ముడికి కూడా చెప్పాలా అనుకున్నాడు.

"మరి ఇప్పుడెందుకొస్తివి? ఇప్పుడూ నేను చెప్పల్యా గదా."

"ఇప్పుడు చచ్చింది నువ్వే గదా. ఇంగ కబురెవడు చెప్తాడు?"

సాల్మన్ రాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జయరాజు లేచి, ముక్కు చీదుకుని, గుమ్మం పైనున్న మేకు వైపు చూశాడు. "అన్నీ సరే గానీ, నక్షత్రం ఎందుకు కట్టల్యా?"

ఎవరూ చూడలేదని నతానియేలు అనుకున్నాడు గానీ, కోడలు ఎప్పుడో చూసింది. అరుణకుమారి స్నానాలగది వెనక్కి పోయి మూడింటినీ తెచ్చి ముందు పెట్టింది. జయరాజు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు.

"ఇవి కోళ్లగంపలా?"

షామియానా కింద చావుకొచ్చిన జనం మొదటిసారి నవ్వారు. నతానియేలు నవ్వలేదు.

జయరాజు కత్తి అడిగాడు. పూల సిలువను పడుకోబెట్టి చామంతులు దూసి అరుణకుమారి చేటలో పోశాడు. రెండు వెదురు కర్రలనూ చీల్చితే సరిగ్గా పది బద్దలొచ్చాయి. ముడి వేయడానికి వేలు కావలసి వచ్చినప్పుడల్లా అన్న వైపు చూడకుండా, "పట్టుకో," అన్నాడు. నతానియేలు పట్టుకున్నాడు. రంగుకాగితం లేదు. శవం మీద కప్పడానికి తెచ్చిన కొత్త తెల్లగుడ్డ ఉంది. దాన్నే కత్తిరించి బిగించారు. పొద్దు వాలకముందే నక్షత్రం మేకుకెక్కింది. అయిదు కొమ్ములూ సమంగా ఉన్నాయి. నతానియేలు రెండుసార్లు లెక్కపెట్టాడు.

ప్లాస్టిక్ సామానంతా టెంపోలో వెనక్కి పోయింది. ఫ్లెక్సీని పారేయడానికి మాత్రం అరుణకుమారి ఒప్పుకోలేదు. అది మట్టిలో కరగదట. వానకు తడవకుండా పెరట్లో కట్టెల మీద కప్పింది. పొద్దున లేవగానే నతానియేలుకు మొదట కనిపించేది ఇక తన అశ్రునివాళే.

ఇరవై నాలుగున కూడిక జరిగింది. తెల్లబట్టల్లో ఇంటివాళ్లందరూ కూర్చున్నారు. డోన్ నుంచి ప్రేమ్ సాగర్ వచ్చాడు. జయరాజు రాత్రి అక్కడే ఉండిపోయాడు, పొమ్మని ఎవరూ అనలేదు. దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పాలన్నారు పాస్టరు గారు. ప్రేమ్ సాగర్ ఉద్యోగం గురించి చెప్పాడు. అరుణకుమారి అడ్డాకుల గురించి చెప్పింది. సాల్మన్ రాజు తన నోటిని అదుపులో పెట్టమని ప్రార్థన చేయించుకున్నాడు.

నతానియేలు వంతు వచ్చింది. లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"జయరాజు వాళ్ల వదిన చావుకు రాల్యా. నా చావుకు మాత్రం అందరికంటే ముందొచ్చినాడు. దానికి వందనాలు. ఈ సంగతి ఇంగ నా నోటెంట రాదు, నన్నెవురూ అడగాకండి," అని కూర్చుని, విస్తరి ముందుకు జరుపుకున్నాడు.