గోడ విషయం మహాసభ పరిశీలనలో ఉంది

ఈ లోకంలో తొందరపాటు అనే దుర్గుణం అంటని వ్యవస్థ ఏదైనా ఉందంటే, అది మా సంఘపు జాతీయ మహాసభ. మూడేళ్లకు ఒకసారి కూడుతుంది. ఆలోగా గురుబరపల్లిలోని మా చర్చి సండే స్కూలు గోడ ఓపిక పట్టాలి.

ఆ గోడ పగిలింది. నిరుడు పగులులో నా వేలు పట్టేది, ఇప్పుడు చెయ్యి పడుతుంది. దాని కిందే ఏడేళ్ల మా చైత్ర కూర్చుని బైబిలు వాక్యాలు బట్టీ పడుతుంది. నా చదువు ఎనిమిదితో ఆగింది కాబట్టి, మేస్త్రీని పిలిస్తే సరిపోతుందనుకున్నాను. కాదట. చర్చి ఆస్తిలో ఒక్క ఇటుక కదపాలన్నా మహాసభ అనుమతి కావాలి (ఇటుక తనంతట తాను కదిలితే అక్కర్లేదు). పిల్లను మాన్పిద్దామంటే, హాజరు తగ్గితే తరగతే ఎత్తేస్తారట.

అర్జీ మా కమిటీ నుంచి కృష్ణగిరి మండలికి, అక్కడి నుంచి మహాసభకు పోయింది. మా ప్రతినిధి కేశవులు హోసూరులో రైలెక్కి, నాలుగు రోజుల సభ ముగించుకుని తిరిగి వచ్చాడు. మెడలో బ్యాడ్జీ ఇంకా తియ్యలేదు.

"గోడ సంగతి ఏమాయె కేశవులప్పా?"

"మాట్లాడినాను నళినమ్మా. మూడు నిమిషాలు ఇచ్చినారు. వేదిక మీద అయ్యగార్లకు వందనాలు చెప్పేసరికే రెండున్నర అయిపాయె. గోడ అన్నాను, గంట కొట్టినారు."

"అంతేనా?"

"అంతేనంటే ఎట్లమ్మా? ఒకాయన లేచి, ఏ దిక్కు గోడో తీర్మానంలో లేదే అన్నాడు. ఆడ అంతా రూలు ప్రకారమే. ఓటింగు పెట్టినారు. తూర్పు గోడ గెలిచింది."

"పగిలింది పడమటిది కదప్పా."

"దానికి వచ్చే సభలో సవరణ పెట్టల్ల."

"మూడేళ్లా? అప్పటికప్పుడు తేలే పని ఒక్కటీ లేదా ఆ సభలో?"

"ఎందుకు లేదు? సంతాప తీర్మానం. కమిటీ వద్దు, ఓటు వద్దు. పేర్లు చదివితే అందరూ లేచి నిలబడతారు. ఒక్క నిమిషం."

పది రోజులకు మహాసభ కార్యదర్శి హనుమంతప్పగారి ఉత్తరం వచ్చింది. తూర్పు గోడ మరమ్మతుకు అనుమతి ఇచ్చారు. మేస్త్రీ వచ్చి పగులు కోసం వెతికాడు, దొరకలేదు. అనుమతి వృథా కాకూడదని ఒకటి కొట్టి, పూడ్చి వెళ్లాడు.

ఆదివారం పాఠం జరిగినంతసేపూ నేను పడమటి గోడకు వీపు ఆనించి కూర్చుంటున్నాను (దీనికీ అనుమతి కావాలేమో, ఇంకా అడగలేదు).

ఉత్తరంలో రెండో పేజీ కూడా ఉంది. పడమటి గోడ పరిశీలనలో ఉన్నందున, ఆ గదిలో కూర్చునే పిల్లల పూర్తి పేర్లు, వయసులు ముందుగానే పంపాలట. కింద ఒక గమనిక: పేర్లలో తప్పులు ఉండరాదు, సభలో చదవవలసి రావచ్చు.