మామగారు చదివిన మలుపులు

ఆ ఆదివారం ఉదయం ఎవరి పని వాళ్ళు చేసుకోవాలని ఇంట్లో ముందు రోజే ఒప్పందం కుదిరింది. కూతురు డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఇంటి వెనక మైదానంలో తొమ్మిదింటికి ఆమె విద్యార్థికి లైసెన్సు పరీక్ష ఉంది కాబట్టి ఆమె అక్కడ ఉంటుంది. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే అల్లుడు వెనక గదిలో తలుపేసుకుని కంప్యూటర్లో కార్ల ర్యాలీ ఆడుకుంటాడు. వారం రోజులుండి వెళ్దామని వచ్చిన మామగారు హాల్లో పేపరు చదువుకుంటారు. ఒకరి జోలికి ఒకరు పోకూడదు.

ఆడుకోవడం అనే మాట అల్లుడికి నచ్చదు. వెనక గదిలో బల్లకు బిగించిన స్టీరింగు, చెక్కకు మేకులు కొట్టి నిలబెట్టిన మూడు పెడళ్ళు, పాత కారు నుంచి ఊడదీసి తెచ్చిన సీటు ఉన్నాయి. మూడేళ్ళుగా అతను ఆ సీట్లో కూర్చుని కంప్యూటరు తెర మీద బురదలో, కంకరలో, మంచులో కార్లు నడుపుతున్నాడు. ఆ రోజు లీగులో చివరి పోటీ. మొదటి స్థానానికి అతను నాలుగు సెకన్లు వెనకబడి ఉన్నాడు. చత్వారానికి అద్దాలు మార్పించుకుందామని దుకాణానికి వచ్చిన వాళ్ళక్కూడా ఆ నాలుగు సెకన్ల సంగతి తెలుసు.

ర్యాలీలో డ్రైవరు ఒక్కడే ఉంటే కుదరదు. రాబోయే మలుపుల్ని చీటీలో చూసి ముందే చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. మలుపుకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలుంటాయి, అంకె తగ్గేకొద్దీ మలుపు బిగుస్తుంది. అల్లుడికి ఆ చీటీ చదివిపెట్టే పళ్ళ డాక్టరు ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి, తన గొంతు పూర్తిగా పోయిందని గుసగుసగా చెప్పాడు.

అల్లుడు హాల్లోకి వెళ్ళి మామగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామగారు ముప్ఫై రెండేళ్ళ పాటు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని ప్రకటనలు చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏదీ చదివి వినిపించమని అడగలేదు.

"ఎంతమంది వింటారు?" అన్నారాయన, పేపరు మడుస్తూ.

"నేనొక్కణ్ణే, మామయ్యగారూ."

"పర్వాలేదు. ఒక్కడైనా ప్రయాణికుడే," అని ఆయన చొక్కా మార్చుకోవడానికి లేచారు.

మామగారు పెట్టెలోంచి ఒక మైకు, చిన్న స్పీకరు తీశారు. పదవీ విరమణ రోజున తోటివాళ్ళు ఇచ్చిన కానుక అది, ఎక్కడికెళ్ళినా వెంట తెచ్చుకుంటారు. మైకు లేకుండా తనకు మాట రాదన్నారు. బల్ల మీద చోటు లేక స్పీకరును కిటికీ గట్టు మీద పెట్టి, ఉక్కగా ఉందని కిటికీ బార్లా తెరిచారు. ఇంజను మోత కోసం అల్లుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. గదిలో మోగే ఆ స్పీకరు తప్ప, ఇక బయట పిడుగు పడ్డా అతనికి వినపడదు.

కిటికీ అవతల మైదానంలో ఒక టైలరు కారెక్కి కూర్చున్నాడు. పట్టుబట్టను వెంట్రుకవాసి తేడా రాకుండా కత్తిరించే ఆ చేతులు స్టీరింగు పట్టుకుంటే వణుకుతాయి. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారి ఏమీ ఆలోచించవద్దని, చెవిన పడ్డ మాట పడ్డట్టు చేసుకుపొమ్మని కూతురు అతనికి బోధించి పంపింది. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్పెక్టరు మెత్తటి మనిషి, ఆయన మాట ఇంకా మెత్తన. కుడివైపు నుంచి స్తంభాల చుట్టూ తిరిగి రమ్మని చెప్పాడు.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి గొంతు వినిపించింది. "దయచేసి వినండి. ఎడమ మూడు. తదుపరి ఎనభై మీటర్లు నేరుగా."

టైలరు ఎడమకు తిప్పాడు. ఇన్‌స్పెక్టరు ఏదో అన్నాడు కానీ అది ఆయనకే సరిగా వినపడలేదు. కుడి రెండు అంటే కారు కుడికి తిరిగి రెండు స్తంభాల్ని పడగొట్టింది. మామగారికి ప్రతి ప్రకటనా రెండుసార్లు చేసే అలవాటు. అల్లుడు మొదటిసారి చెప్పినప్పుడే తిప్పేసి రెండోదాన్ని వదిలేస్తున్నాడు. టైలరుకు ఆ కిటుకు తెలియదు. రెండుసార్లు చెబితే రెండుసార్లూ తిప్పాడు. కారు మైదానం నడుమ గానుగెద్దులా తిరగసాగింది.

మొదటి మాటకే కూతురు తండ్రి గొంతు గుర్తుపట్టింది. పరీక్ష నడుస్తుండగా మైదానంలో అడుగుపెడితే స్కూలు అనుమతి పోతుంది. భర్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెనక తలుపు లోపల గడియ వేసి ఉంది. ఇక ఇంటిని చుట్టి వీధి గుమ్మం వైపు పరుగెత్తింది.

"ముందు నీళ్ళున్నాయి. ఆపవద్దు," అన్నారు మామగారు.

మైదానం చివర తోటమాలి గొట్టం వదిలేసిన చోట మడుగు కట్టి ఉంది. టైలరు గేరు మార్చి, ఆపకుండా దూకించాడు. ఇన్‌స్పెక్టరు పక్కన అద్దం దించి ఉంది.

"గమ్యస్థానం చేరుకున్నాము. ఆగండి."

కారు వచ్చి వెనక గది కిటికీ కింద మెత్తటి మట్టిలో దిగబడి ఆగింది. అదే క్షణంలో తెర మీద అల్లుడి పేరు మొదటి స్థానంలోకి ఎక్కింది. అతను రెండు చేతులూ పైకెత్తి ఇటు తిరిగేసరికి, కిటికీలోంచి నిలువెల్లా బురదతో ఒక మనిషి తనకేసే చూస్తున్నాడు.

కాసేపట్లో అందరూ ఆ గదిలో చేరారు. ఎవరు మాట్లాడారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. మామగారు లేచి నిలబడ్డారు.

"నేనేనండి. ఏమైనా ఆలస్యమైందా?"

కూతురు కళ్ళు మూసుకుంది. ఇన్‌స్పెక్టరు ఆమె ఇచ్చిన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఈ టైలరు మునుపు రెండుసార్లూ భయంతో మొదటి గేరు దాటలేదన్నాడు. ఇవాళ అన్ని గేర్లూ వేశాడు, నీళ్ళలో కూడా బండి ఆపలేదు. బయటి మాట విని నడిపాడు కాబట్టి ఇది చెల్లదు కానీ, కిటికీ మూస్తే ఇప్పుడే మళ్ళీ పరీక్ష పెడతానన్నాడు.

ముందు కారు బయటికి రావాలి. ఇందులో అడగాల్సిందేముందన్నట్టు అల్లుడు తాళాలు అందుకున్నాడు. బురదలో తన అనుభవమెంతో ఇన్‌స్పెక్టరుకు వివరిస్తూ కూర్చుని, యాక్సిలరేటరు తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఇంకో జానెడు లోపలికి దిగాయి. మళ్ళీ తొక్కాడు. ఈసారి మట్టి ఎగిరి కిటికీలోంచి లోపలి స్టీరింగు మీద పడింది.

టైలరు తలుపు దగ్గరికి వచ్చాడు. "ఒక్కసారి దిగుతారా సార్?" అన్నాడు మర్యాదగా.

రివర్సు గేరు వేసి, సూదిలో దారం ఎక్కించినంత నెమ్మదిగా కారును వెనక్కి తెచ్చాడు. జరగాల్సిందంతా జరిగిపోయింది కాబట్టి అతనిలో ఇక భయపడటానికేమీ మిగల్లేదు. పావుగంటలో ఒక్క స్తంభానికీ తగలకుండా పరీక్ష పూర్తిచేశాడు.

వెళ్ళేముందు ఇన్‌స్పెక్టరు తువ్వాలు తిరిగి ఇస్తూ, తన గొంతు ఎవరికీ వినపడదని, ప్రతి ఆదివారం వచ్చి సూచనలు చదివిపెడతారా అని మామగారిని అడిగాడు. మామగారి తిరుగు ప్రయాణం నిరవధికంగా వాయిదా పడింది.

సాయంత్రం కూతురు స్కూల్లో నేర్చుకునేవాళ్ళ జాబితా తీసింది. టైలరు పేరు కొట్టేసి, ఆ గడిలోనే భర్త పేరు రాసింది.