వీరాయమ్మగారి బంధువుల స్టాండు

ఆ సోమవారం పొద్దున్న కనకదుర్గ వేసుకున్న పథకం చిన్నదే. దొండకాయ వేపుడు దింపి, అత్తగారి కోసం మూతపెట్టి, ఎనిమిదిన్నరకల్లా కాలేజీ పెద్దగేటు దగ్గర నిలబడి, కొత్త పార్కింగు రుసుము మొదటిరోజు ఎలా వసూలవుతుందో కళ్ళారా చూడాలి. బండికి రోజుకి ఐదు రూపాయలుండేది ఇరవై అయింది. విద్యార్థులకీ అంతే, స్టాఫుకీ అంతే. పెంచింది కమిటీ. కమిటీ అంటే కనకదుర్గ.

కారణం లేకపోలేదు. అమలాపురం శివార్లలోని ఆ డిగ్రీ కాలేజీలో బళ్ళ స్టాండుకి కప్పు లేదు. మధ్యాహ్నం రెండింటికి బండెక్కితే అట్లపెనం మీద కూర్చున్నట్టే. పెరిగిన రుసుముతో రేకుల షెడ్డు వేయిస్తానని ఆవిడ మాటిచ్చింది. పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. ప్రిన్సిపాల్ శివరామ్ గారు వచ్చేనెల డెప్యుటేషన్ మీద వెళ్ళిపోతున్నారు. ఇన్‌చార్జిగా ఆయన ఎవరి పేరు రాస్తే కుర్చీ వాళ్ళది. ఇరవై రెండేళ్ళుగా కామర్స్ చెబుతూ, ఆ కుర్చీకి ఎదురుగా నిలబడి సంతకాలు పెట్టించుకున్న మనిషి కనకదుర్గ. "ఈ పార్కింగొక్కటీ నెగ్గుకురండి మేడం. మీ పేరు తప్ప ఇంకో పేరు రాయను," అన్నారాయన.

మొదటివారం అందరూ గొణిగారు, ఇచ్చారు. రెండోవారం స్టాండు పల్చబడింది. మూడోవారానికి తొమ్మిది బళ్ళు మిగిలాయి. అందులో ఒకటి స్టాండు చూసే ఏడుకొండలు సైకిలు.

కనకదుర్గ కంగారుపడలేదు. స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి, "పిల్లలు బళ్ళు మానేసి బస్సులెక్కుతున్నారండి. రుసుము పెంచడం వల్ల కాలుష్యం కూడా తగ్గింది," అని చెప్పింది. శివరామ్ గారు ముచ్చటపడి ఆ సంగతి పైవాళ్ళకి రాసేశారు కూడా. ఫిజిక్స్ వెంకటసాయిరాం ఒక్కడికే పొలమారింది. పక్కవాళ్ళు నీళ్ళిచ్చారు.

ఆ మర్నాడు ఏడుకొండలు వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"మేడంగారండీ, బళ్ళు తగ్గలేదండి. అందరి చేతుల్లోనూ తాళాలు ఊగుతున్నాయండి."

"మరెక్కడ పెడుతున్నారు?"

"వెనకగేటు బయట, కాలవగట్టు పక్కన కొబ్బరితోటలోనండి. నీడ బావుంటాదండి. మజ్జిగ కూడా ఇస్తన్నారండి."

"మజ్జిగా! అంటే వ్యాపారం గట్టిగానే పెట్టేరన్నమాట. ఎవరా మనుషులు?"

ఏడుకొండలు తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "పెద్దింటివాళ్ళేనండి."

"నీకు తెలుసా వాళ్ళు?"

"ఆయ్."

"ఎలాంటివాళ్ళు?"

"పెద్దావిడ బంగారమండి. ఆవిడ కోడలుగారే కాస్త గట్టి మనిషండి."

"ఆ కోడలి సంగతి నేను తేలుస్తా చూడు!"

"ఆయ్," అన్నాడు ఏడుకొండలు, ఎంతో మర్యాదగా.

గంటలో ఫిర్యాదు తయారైంది. 'కాలేజీ వెనుక కొందరు స్వార్థపరులు అనుమతి లేకుండా ప్రైవేటు స్టాండు నడుపుతూ, మజ్జిగ ఆశచూపి విద్యార్థులను పెడదారి పట్టిస్తున్నారు' అని ఒక కాపీ మునిసిపాలిటీకి, ఒకటి పోలీసులకి, ఒకటి ఫైలుకి. శివరామ్ గారు చదివి మెచ్చుకున్నారు. "భాష గట్టిగా ఉంది మేడం. రేపు పదింటికి ఇద్దరం పోయి కళ్ళతో చూసొచ్చి పంపిద్దాం. ఎవరో గానీ, వదిలేది లేదు," అన్నారు.

అప్పటిదాకా ఆగలేక, కనకదుర్గ మధ్యాహ్నం భోజనాల వేళ వెనకగేటు దాటి కాలవగట్టు మీదికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ దారిన నడవడం అదే మొదలు. ఆవిడ ఇంటి వీధిగుమ్మం మెయిన్ రోడ్డు వైపు. పొద్దున్నే అటునుంచి వెళ్ళి, సాయంత్రం ఐదున్నరకి అటునుంచే వస్తుంది. దొడ్డి అవతల ఏముందో ఆవిడకెప్పుడూ పని పడలేదు. అందుకని తోట తడిక తోసుకుని నాలుగడుగులు వేసి, కొబ్బరిచెట్ల నీడలో వరసలుగా నిలబెట్టిన ఎనభై తొంభై బళ్ళు చూసి, "దొంగవెధవలు, ఎంత దర్జాగా పెట్టారో!" అని పళ్ళు నూరుకుంటూ తలెత్తేసరికి, ఎదురుగా తీగ మీద తన నీలం చీర ఆరేసి ఉంది.

చీర పక్కన కుర్చీలో అత్తగారు. ఆవిడ ముందు మజ్జిగ కుండ.

"దుర్గా, వేళకే వచ్చేవు! అన్నం తిన్నావా?" అంది వీరాయమ్మ.

"అత్తయ్యగారూ... ఏమిటండీ ఇదంతా?"

"మన చుట్టాలే."

సంగతేమిటంటే, రుసుము పెరిగిన మూడోరోజు శ్రీనిధి అనే అమ్మాయి దగ్గర ఇరవై రూపాయలు లేక, తడిక దగ్గర స్కూటీ ఆపి, "బామ్మగారూ, ఒక్కపూట ఇక్కడ పెట్టుకోనా?" అని అడిగింది. కొత్తమనిషి కనబడగానే వీరాయమ్మ అడిగే ప్రశ్న ఒకటే. "ఎవరి తాలూకమ్మా నువ్వు?" పి.గన్నవరం శరభయ్యగారి మనవరాలట. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! మా పెళ్ళి చేయించిన పంతులుగారు కదే! ఆ పెళ్ళి జరక్కపోతే ఈ తోటెక్కడ, నేనెక్కడ? లోపలెట్టు బండి," అందావిడ. మర్నాడు శ్రీనిధి మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. కాట్రేనికోన గంగబాబు తండ్రి, వీరాయమ్మ భర్తతో కలిసి రొయ్యలచెరువు కౌలుకి చేశాడు. నష్టం ఇద్దరికీ సమానంగా వచ్చింది కనుక అన్నదమ్ముల వరస. తాటిపాక నీహారిక వాళ్ళమ్మమ్మ రాజ్యం, వీరాయమ్మ ఒకే ఆస్పత్రిలో ఒకేరోజు పురుడు పోసుకున్నారు. మూడువారాలు గడిచేసరికి కోనసీమలో వీరాయమ్మకి ఏమీ కానివాళ్ళు మిగల్లేదు.

కనకదుర్గ చూపు ఒక ఎర్ర మోటార్‌సైకిల్ మీద ఆగింది. దాని వెనకనుంచి వెంకటసాయిరాం మజ్జిగగ్లాసుతో సహా లేచి నిలబడ్డాడు.

"మీరు కూడానా సార్!"

"మరేనండీ... ముక్తేశ్వరంలో ఒక పెళ్ళిలో మీ అత్తగారూ, మా అమ్మగారూ ఒకే బంతిలో కూర్చున్నారటండి. నాక్కూడా మొన్నే తెలిసింది."

కనకదుర్గ అత్తగారిని వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "రేపు పదింటికి మా ప్రిన్సిపాల్ గారు ఇక్కడికొస్తున్నారండి. నా కుర్చీ సంగతి ఆయన చేతిలో ఉంది. రేపొక్కరోజు..." అంటుండగానే ఫోను మోగింది. శివరామ్ గారే. ఆవిడ ఫోను పట్టుకుని వరండాలోకి, అటునుంచటే కాలేజీకీ పరిగెత్తింది. తడికకి తాళం వెయ్యండి అన్న ముఖ్యమైన ముక్క నోట్లోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం గుర్తొచ్చి చెప్పబోతే, "నాకు తెలుసులేవే. అన్నీ చూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా పడుకో," అంది వీరాయమ్మ. ఎప్పుడూ కోడలి ఆఫీసు విషయాల్లో తలదూర్చని మనిషి అంత భరోసాగా మాట్లాడేసరికి కనకదుర్గకి కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పదింటికి ప్రిన్సిపాల్ గారి కారు కాలవగట్టు మీదికి తిరిగింది. పక్కసీట్లో కనకదుర్గ ఫిర్యాదు కాగితాలు పొట్లంలా చుట్టేస్తూ కూర్చుంది. తాళం వేసి ఉంటుంది, తోట ఖాళీగా ఉంటుంది, ఎవరో కబురందుకుని పారిపోయారని చెబితే సరిపోతుంది.

తడికకి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల నూటయాభైకి తక్కువ కాని బళ్ళు. కోడలి పైఅధికారి ఇంటికొస్తుంటే నలుగురూ ఉండొద్దా అని వీరాయమ్మ చుట్టాలందరికీ కబురుపెట్టింది. అరటాకుల్లో పులిహోర వడ్డిస్తున్నారు. "ప్రిన్సిపాల్ గారికి స్వాగతం," అని గంగబాబు దిక్కులదిరేట్టు అరిచాడు. స్టాఫులో సగంమంది అరటాకుల చాటున తలలు వంచుకున్నారు.

కారు తోటలోకొచ్చి ఆగింది. శివరామ్ గారు దిగి బళ్ళు చూశారు, ఆకులు చూశారు, చివరికి కనకదుర్గని చూశారు.

"మేడం, ఈ స్టాండు ఎవరిది?"

"మాదేనండి," అంది కనకదుర్గ. కుర్చీ కాళ్ళు నాలుగూ ఒక్కసారే విరిగినట్టు ఆవిడకి వినబడింది.

ఆయన ఇంకేదో అనేలోగా వీరాయమ్మ ఎదురొచ్చింది. "రండి బాబూ, రండి. తమరెవరి తాలూకండి?"

"మాది ప్రొద్దుటూరమ్మా."

"అటేపు మాకెవరున్నారబ్బా..." ఆవిడ కళ్ళు మూసుకుని తండ్రి వైపు వెతికింది, తల్లి వైపు వెతికింది, పెళ్ళి బంతులూ ఆస్పత్రి మంచాలూ అన్నీ వెతికింది. "ఈవైపు ఎవరన్నా ఉన్నారా బాబూ? పోనీ ఎవరితోనన్నా కలిసి నష్టపోయేరా?"

"లేదమ్మా. ఒక్కణ్ణే నష్టపోయినా."

వీరాయమ్మ నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో! అయితే ఏమనుకోకండి బాబూ. తమరు పులిహోర తిని వెళ్ళాలి, అది వేరు. కారు మాత్రం గట్టు మీదికి తీయించండి. ఇక్కడ చుట్టాల బళ్ళకే చోటు. ఒకళ్ళకి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు."

కనకదుర్గ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ప్రిన్సిపాల్ గారు తనే స్టీరింగు తిప్పుకుంటూ కారు వెనక్కి తీస్తున్నారు.

గట్టు మీద, ఎండలో కారు పెట్టి తిరిగొచ్చి, ఆయన వరసలన్నీ ఒకసారి నడిచి చూశారు. కాట్రేనికోన బళ్ళు ఒక వరస, తాటిపాక బళ్ళు ఒక వరస. ఒక్క బండీ అడ్డంగా లేదు. "రెండేళ్ళయింది మేడం నేనొచ్చి. పదకొండు బోర్డులు రాయించినా. ఒక్కడు బండి తిన్నగా పెట్టినోడు లేడు. మీ అత్తగారు ఒక్క మాట అంటే నా కారే బయటికి పాయె," అన్నారు. తర్వాత వీరాయమ్మ వైపు తిరిగారు. "అమ్మా, షెడ్డు లేచేదాకా ఈ తోటనే కాలేజీ స్టాండుగా ఉండనియ్యండి. పెత్తనం మీదే. రుసుము మాత్రం వసూలు చేయాల."

"చుట్టాల దగ్గర డబ్బులా? ఛ! మా వంశంలో లేదండి."

మళ్ళీ మొదటికొచ్చింది. ఇరవై రెండేళ్ళు కామర్స్ చెప్పిన బుర్రలో మొదటిసారి ఒక పనికొచ్చే ఆలోచన మెరిసింది. "అత్తయ్యగారూ, రుసుము కాదండి. ఆ షెడ్డు కింద రేపు కూర్చునేది మన చుట్టాల బళ్ళే కదండీ. గృహప్రవేశం లాంటిది. చదివింపులనుకోండి."

వీరాయమ్మ ముఖం విప్పారింది. "చదివింపులా? అలా చెప్పవేం మరి! పుచ్చుకోకపోతేనే తప్పు. కానీ పేర్లు పైకి చదవాలి."

చదవడానికి ఏడుకొండలు కుదిరాడు. ఏటి అవతలి పడవని కేకేసి పిలిచిన గొంతు అది. మర్నాటినుంచి తడిక దగ్గర, "కాట్రేనికోన గంగబాబుగారు ఇరవై!" అని అతను ఎత్తుకుంటే కాలేజీ మూడో అంతస్తుకి వినబడేది. ఎగ్గొట్టడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఆ మర్నాడు తాటిపాకవాళ్ళు పాతిక చదివించారు. కాట్రేనికోనవాళ్ళు ఊరుకుంటారా, ముప్పై చదివించారు. నెల తిరక్కుండా షెడ్డుకి స్తంభాలు లేచాయి. శివరామ్ గారు వెళ్తూ వెళ్తూ ఇన్‌చార్జి కాగితం మీద కనకదుర్గ పేరే రాశారు. ఫిర్యాదు కాపీలు మూడూ వెనక్కిచ్చి, "భాష మాత్రం బాగుండింది," అన్నారు.

కొత్త కుర్చీలో మొదటిరోజు కనకదుర్గ పెందలాడే బయల్దేరింది. వీధివాకిట్లో స్టాఫ్ బళ్ళు నిండిపోవడంతో ఆవిడ స్కూటీ కూడా ఇప్పుడు తోటలోనే ఉంటోంది. తాళం తిప్పి తడికదాకా వచ్చిందో లేదో, ఏడుకొండలు చెయ్యి అడ్డంపెట్టాడు.

"మేడంగారండీ... చదివింపు."

"ఇది మా ఇల్లయ్యా!"

"ఆయ్," అన్నాడు కానీ చెయ్యి తియ్యలేదు.

వంటింటి కిటికీలోంచి వీరాయమ్మ గొంతు వినబడింది. "ఇంటికోడలే ఎగ్గొడితే నలుగురూ ఏమనుకుంటారే? ప్రిన్సిపాలువి కూడానూ. యాభైకి తగ్గకు!"

కనకదుర్గ యాభై తీసిచ్చింది. "ఇన్‌చార్జి ప్రిన్సిపాల్ కనకదుర్గగారు యాభై!" అని ఏడుకొండలు ఊరు దద్దరిల్లేలా చదివి, చీటీ చేతికిచ్చాడు. ఆవిడ చీటీ తిప్పి చూసింది. వెనకవైపు చిన్న అక్షరాల్లో, 'వాహనమునకు ఏమి జరిగినను యాజమాన్యము బాధ్యత వహించదు' అని ఉంది.

యాజమాన్యం లోపల పెసరట్టు తిరగేస్తోంది.