జోహ్రా పేరు పక్కన జాగ

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ బీడీ ఆర్పేయండి, ఆ పల్లీల పొట్లం మూసేయండి. వెనక గుసగుసలాడే అక్కలూ, మీ కోడళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఇది మన సిద్దిపేటలో జరిగింది. నమ్మని వాళ్లు లేచి వెళ్లిపోవచ్చు, నమ్మే వాళ్లు మాత్రం నోరు మూసుకుని వినాలి.

ఊరికి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజులవి. దామోదర్ సేటు తన ఫోటో స్టూడియోలో ఒకటి పెట్టించి, చెప్పులు విప్పితే గాని ఎవరినీ దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. దాన్ని నడిపేది నజీర్. హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చిన కుర్రాడు. మొహం మీది మచ్చలు తుడిచేసేవాడు, గోడ ముందు నిలబడ్డ మనిషిని జలపాతం ముందు నిలబెట్టేవాడు. అన్నిటికంటే గొప్ప విద్య ఇంకొకటి ఉంది. చదునుగా పడి ఉన్న అక్షరాన్ని బంగారంతో పోత పోసినట్టు పైకి లేపి, తళతళ మెరిపించేవాడు.

అదేమీ ఉత్తినే అయ్యే పని కాదు. ముందు అక్షరం కొట్టాలి. దాని మీద పసుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా జారే రంగు పుయ్యాలి. అంచుల్ని ఉలితో చెక్కినట్టు వాలుగా చెయ్యాలి. ఆ వాలు మీద ఒక పక్క తెల్లని మెరుపు, ఇంకో పక్క చీకటి, కింద మెత్తని నీడ. చివరికి, వెలుగు ఏ మూల నుంచి పడాలో కంప్యూటర్‌కు చెప్పాలి. చెప్పాక అది ఆలోచనలో పడుతుంది. తెర మీద చిన్న ఇసుక గడియారం ఒకటి కనబడుతుంది. అది మాయమయ్యేలోపు స్టూడియో ముందు నాటిన బీరపాదు పందిరెక్కి, పూసి, కాయ కాసేదట.

నజీర్ అక్షరాలన్నిటికీ వెలుగు ఎడమ పక్క నుంచే పడేది. ఎందుకంటే అతనికి ఎడమ పక్కన కిటికీ. కిటికీ అవతల రోడ్డు, రోడ్డు అవతల అజ్మత్ పరుపుల దుకాణం. ఆ దుకాణం మీది గదిలో, కుట్టు మిషన్ ముందు, అజ్మత్ కూతురు జోహ్రా. ఆమె మిషన్ తొక్కుతుంటే ఇక్కడ ఇతని వేళ్లు ఆడేవి. దారం తెగి ఆమె ఆగితే ఇతనూ ఆగేవాడు. ఒకసారి ఆమె దారపు రీలు మేడ మీది నుంచి రోడ్డు మీద పడి దొర్లితే, లారీకి అడ్డంపడి తెచ్చి ఇచ్చాడు. ఆమె "షుక్రియా" అంది. ఆ ఒక్క మాటను అయిపోకుండా దాచుకుని, రోజూ కొంచెం కొంచెం తలుచుకునేవాడు.

ఆ రోజు పొద్దున దామోదర్ అనుకున్న పని చిన్నది. పెళ్లిళ్ల కాలం దగ్గర పడింది కాబట్టి మెరిసే అక్షరాల నమూనా ఒకటి తీసి, స్టూడియో అద్దం తలుపుకు అంటించాలి.

"అరే నజీరూ, ఏదన్న ఒక పేరు కొట్టు. పోయేటోడు నిలవడి చూడాలె. నేను గిట్ల చాయ్ తాగొస్త" అని సేటు బయటికి వెళ్లాడు.

ఏదో ఒక పేరు అంటే నజీర్ వేళ్లకు ఇంకే పేరు వస్తుంది? జోహ్రా. ఆ పేరు పక్కన అంతే జాగా వదిలాడు, తన పేరు కోసం. "న" కొట్టి చెరిపాడు. మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపాడు. చివరికి ఖాళీగానే ఉంచాడు. ఒక్కసారి కాగితం మీద చూసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, తలుపుకు వేరే పేరేదైనా చేద్దామనుకున్నాడు. ప్రింటర్ మూలుగుతూ, గీత గీతగా, అక్షరానికో కాగితం కక్కింది. వాటి వెనకే రెండు తెల్ల కాగితాలు. టేపుతో అన్నీ వరసగా అతికించి చేతులు చాచి చూసుకుంటూ ఉండగానే దామోదర్ లోపలికి వచ్చాడు.

"వారేవ్వా! ఏం మెరుస్తుందిరా! నా మొఖం కనవడుతుంది అండ్ల."

"గిది పాడైంది సేటు. ఇంకోటి చేస్త."

"ఏడ పాడైంది? గీ పక్కకు గింత జాగ ఎందుకిడిసినవ్?"

"డిజైన్ సేటు."

"డిజైన్ అంటె గిట్లుండాలె!"

దామోదర్‌కు ఎదురింటి పిల్ల "అజ్మత్ బిడ్డ" అని తెలుసు తప్ప పేరు తెలియదు. టప టపా కాగితం తలుపుకు అంటించేశాడు. వద్దని గట్టిగా అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పే ధైర్యం నజీర్‌కు లేదు. ఎండ పడగానే ఆ పేరు ఎట్లా మెరిసిందంటే, రోడ్డు మీద పోయే ఎద్దు కళ్లు మూసుకుని బండిని తిన్నగా కరెంటు స్తంభానికి గుద్దిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. అప్పట్లో సిద్దిపేటలో దుకాణం పేరైనా, బడి పేరైనా, దవాఖాన పేరైనా పెయింటర్ చదునుగా రాసేవాడు. అక్షరం లేచి నిలబడి మెరిసేది ఒక్క పెళ్లి పందిట్లోనే. థర్మాకోల్ కోసి, చమ్కీ చల్లి, తెర మీద ఒక పక్క పిల్ల పేరు, ఇంకో పక్క పిల్లగాడి పేరు పెట్టేవాళ్లు. మెరిసే పేరంటే పెళ్లే.

మల్లెపూల గంపతో అటు వచ్చిన కొమురవ్వకు చదువు రాదు. చదువుతో ఆమెకేం పని? మెరుపు కనబడింది. పక్కన సైకిల్ ఆపినతన్ని పట్టుకుని "ఎవ్వరి పెండ్లి కొడుకా గిది?" అని అడిగి, పేరు చదివించుకుని, తిన్నగా రోడ్డు దాటి జోహ్రా తల్లి షరీఫా ముందు గంప దించింది.

"ఏం చెల్లె, బిడ్డ పెండ్లి పెట్టుకొని నాకు చెప్పకపోతివి? కార్డులు కొట్టిచ్చే తీరిక లేక తలుపు మీదనే రాపిస్తిరా?"

షరీఫా గుమ్మంలోకి వచ్చి ఎదుటి తలుపు వైపు చూసింది. ఆమెకూ మొగుడికీ కొన్నాళ్లుగా మాటల్లేవు. పిల్లను కామారెడ్డిలో ఉన్న తన అన్న కొడుక్కి ఇవ్వాలని అజ్మత్. మెదక్‌లో ఉన్న తన అక్క కొడుక్కి ఇవ్వాలని షరీఫా. ఇద్దరి మధ్యా మాటలు మోసేది జోహ్రా. "మీ అబ్బాకు అన్నం తినుమని చెప్పు" అని ఈమె అంటే, "మీ అమ్మీకి ఆకలైతలేదని చెప్పు" అని ఆయన. జోహ్రాను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెకు కావలసింది కింద దుకాణంలో తన మిషన్ పట్టేంత మూల. ఆ మాట ఎత్తితే తండ్రి "షాదీ అయినంక నీ మొగణ్ణి అడుగు" అనేవాడు.

ఇప్పుడు షరీఫాకు అర్థమైంది ఒక్కటే: మొగుడు తనకు చెప్పకుండా తన అన్న కొడుకుతో ఖాయం చేసేశాడు. ఆ సంగతి తెలియదని ఊరి ముందు ఒప్పుకుంటే పరువేముంటుంది?

"అవ్ అక్కా, ఖాయమైంది. మూరల లెక్క కాదు, గంపలకు గంపలు తేవాలె నువ్వు."

కొమురవ్వ ఆ ఆనందంలో టెంట్ హౌస్ ముత్తయ్యకు చెప్పింది. ముత్తయ్య పరుగున అజ్మత్ దుకాణానికి వచ్చాడు.

"అజ్మత్ భాయ్, బిడ్డ షాదీ అంట. షామియానా నాదే ఉండాలె. ఎన్నడు?"

అజ్మత్ చేతిలోని దూది కింద పడింది. అంటే షరీఫా తన అక్క కొడుకుతో మాట ఖాయం చేసుకుని, తనకు మాత్రం చెప్పలేదన్నమాట. ఇంటి యజమానికి తన కూతురి పెళ్లి ఎప్పుడో తెలియదంటే ముత్తయ్య రేపు టెంటు వేసే ప్రతి ఇంట్లో చెప్పి నవ్వుతాడు.

"గీ శుక్రారం, జుమ్మాకు. ఎర్రది కాదు, జాలర్లున్న పచ్చ షామియానా తే. రోడ్డు గీ కొస నుంచి గా కొస దాక."

షామియానా కబురు విని షరీఫా పళ్లు కొరికి, బగారన్నానికి పెద్ద డేగ్‌చాలు మాట్లాడింది. డేగ్‌చాల సంగతి విని అజ్మత్ మైకు కూడా చెప్పాడు. ఒకరి మీద ఒకరికి కోపం పెరిగిన కొద్దీ పెళ్లి పెద్దదవుతూ పోయింది. ఎవరితో పెళ్లని జోహ్రా అడిగితే తండ్రి "మీ అమ్మీని అడుగు" అన్నాడు, తల్లి "మీ అబ్బాను అడుగు" అంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఎదుటి తలుపు మీది తన పేరును, దాని పక్కనున్న ఖాళీని చాలాసేపు చూసింది. కిటికీ ఇవతల నజీర్ ఆమె చూపును చూశాడు. సంతోషపడుతోందనుకున్నాడు. తన గుండె చప్పుడు మిషన్ చప్పుడులా వినబడింది అతనికి.

మరునాడు అజ్మత్ స్టూడియోకు వచ్చాడు. అల్లుడెవరో తెలియదని అడగలేడు. రాసినవాడికి తెలిసే ఉంటుంది కదా, తెలివిగా రాబడదామనుకున్నాడు.

"ఏం నజీరూ, పిల్ల పేరు రాస్తివి, పిలగాని పేరు రాయకపోతివి?"

నజీర్ కుర్చీలోంచి లేచాడు. "ఏం పేరు రాయమంటరు చాచా?"

"నన్నడుగుతవేందిరా? ఎవలి పేరు రాయాల్నో నీకెరకలేదా?"

"ఎరకే చాచా... గని మీకు ఇష్టమేనా?"

అజ్మత్ నిట్టూర్చాడు. మెదక్ అల్లుణ్ణి మింగలేక మింగుతూ, "అందరికి ఇష్టమైనంక నేనెవన్ని కాదనెటందుకు? రాయి. జుమ్మా నాడు తీస్కరా" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం షరీఫా వచ్చింది. ఆమె మనసులో కామారెడ్డి అల్లుడు. "ఆ పక్క పేరు కూడ మంచిగ మెరువాలె బేటా. ఎంతైన ఇంటి పిలగాడే గద" అంది కళ్లొత్తుకుంటూ.

ఇంటి పిల్లగాడు! నజీర్ ఆ రాత్రి అన్నం తినలేదు. రీలు తెచ్చి ఇచ్చిన నాటి సంగతి అమ్మాయే ఇంట్లో చెప్పి ఉంటుంది, పెద్దలు మెచ్చి ఉంటారు అనుకున్నాడు. తెల్లారి తలుపు వేసుకుని తన పేరు మొదలుపెట్టాడు. వెలుగు ఎడమ నుంచే. అప్పుడు జోహ్రా పేరు నీడ వచ్చి నజీర్ పేరు మీద పడుతుంది. ఆ నీడను ఇంకాస్త పొడుగు చేశాడు, ఇంకాస్త మెత్తన చేశాడు. ఇసుక గడియారం కనబడితే మొదటిసారి విసుక్కోలేదు. బతుకంతా అట్లా ఆ నీడలో కూర్చుని ఉండవచ్చు అనిపించింది.

జుమ్మా వచ్చింది. పచ్చ షామియానా కింద ఊరంతా దిగింది. వచ్చిన వాళ్లందరి చేతుల్లో బట్టలే. పిల్లకు జాకెట్ ముక్కలు, సల్వార్ గుడ్డలు, పిల్లగాడికి ప్యాంటు గుడ్డలు. చింతమడక నుంచి విత్తనాలకు వచ్చిన దుబ్బయ్య అనే ముసలాయన, ఎవరి వాడో ఎవరికీ తెలియకపోయినా, బగారన్నం వాసన పట్టుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. నజీర్ కొత్త చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, తన పేరును చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

పెళ్లికొడుకు రాలేదు. అజ్మత్ ఓపిక పట్టలేక చాలా రోజుల తర్వాత పెళ్లాం మొహం చూసి మాట్లాడాడు.

"ఏడే మీ అక్క కొడుకు?"

"మా అక్క కొడుకెందుకొస్తడు? మీ అన్న కొడుకు ఏడి?"

"మా అన్న కొడుకా? వాడెందుకొస్తడు? ఖాయం చేసింది నువ్వు గాదా?"

"నేనా? నువ్వు గాదా?"

ఇద్దరూ డేగ్‌చాల పక్కన కూలబడ్డారు. షామియానా అంతా ఒక్కసారి గప్‌చుప్ అయింది. మైకతను మాత్రం "హలో, హలో" అంటూనే ఉన్నాడు. ఒక్కొక్కరే తలలు తిప్పి, ఆ పేరు రాసినవాడి వైపు చూశారు.

జోహ్రా మెట్లు దిగి వచ్చింది. రోడ్డు దాటి, స్టూడియో తలుపు మీది తన పేరును మెల్లగా ఊడదీసుకుని, వచ్చి నజీర్ ముందు నిలబడింది.

"గిది రాసింది నువ్వేనా?"

"నేనే."

"నీ చంకల ఉన్నదేంది?"

అతను ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. విప్పింది. ఆ బంగారు అక్షరాల మెరుపు ఆమె మొహం మీద పడింది. ఆమె కోపంగా లేదు, నవ్వుతూనూ లేదు.

"నన్ను అడిగినవా?"

నజీర్ తల అడ్డంగా ఊపాడు.

"మా అబ్బా అడగలే, మా అమ్మీ అడగలే. నువ్వన్న అడుగుతవనుకున్న."

నజీర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇప్పుడు... అడగొచ్చా?"

"ఇప్పుడు మస్తు పనున్నది" అంది జోహ్రా.

అని తండ్రి వైపు తిరిగింది. "అబ్బా, షామియానా పడ్డది, వంటయింది, జనమొచ్చిన్రు. నా పేరు నా దుకాణం మీద పెడ్త. గీ బట్టలన్ని నేనే కుడ్త. జాకెట్లు తెచ్చినోళ్లు గిట్ల రండక్కా, కొలతలు ఇయ్యుండ్రి."

ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకుని, తెచ్చిన బట్ట తెచ్చినట్టే పట్టుకుని వరసలో నిలబడ్డారు. పోబోతున్న పరువు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరగడం అజ్మత్‌కు కనబడింది. గబగబా లేచి మైకు లాక్కున్నాడు.

"అవ్! మా బిడ్డ దుకాణానికే గీ దావత్! ఎవలు చెప్పిన్రు మీకు షాదీ అని?"

జోహ్రా అనే పేరు పరుపుల దుకాణం గుమ్మం మీదికెక్కింది, పక్కన ఏ పేరూ లేకుండా. నజీర్ పేరున్న కాగితాన్ని ఆమె బల్ల మీద వెనక్కి తిప్పి పరిచింది. తెల్లగా ఉన్న ఆ వైపు సుద్దతో గీతలు గీసి, మొదటి జాకెట్ నమూనా కత్తిరించుకుంది. "న" ఒక చెయ్యి అయింది, "జీ" మెడ అయింది, "ర్" వీపు అయింది. అవసరం తీరాక పారేస్తుందేమోనని నజీర్ చూశాడు. పారేయలేదు. మడిచి మిషన్ సొరుగులో పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరి జాకెట్ కత్తిరించినా ముందు దాన్నే తీసి బట్ట మీద పరిచేది, వేళ్లతో సరిచేసేది. నజీర్ కిటికీ ఇవతల కూర్చుని చూసేవాడు. అడగాలని రోజూ అనుకునేవాడు. అటు ఎప్పుడూ వరస ఉండేది.

ఆ జుమ్మా నాడు అందరికంటే చివర లేచింది దుబ్బయ్య. మీసానికి అంటిన మెతుకులు తుడుచుకుని, గుమ్మం మీద ఒంటరిగా మెరుస్తున్న పేరును తేరిపార చూసి, అన్నాడు:

"పెండ్లంటె గిట్లుండాలె. పిలగాడు లేకపాయె, లొల్లి లేకపాయె."